కడుపులో ఉండగా పడిన మందు, నలభైలో పట్టుకునే దిగులు: ఎక్కడ మొదలుపెట్టాలి

అమ్మ కడుపులో ఉండగా ఆమె వాడిన మందు వల్ల చెయ్యో కాలో చెవో తేడాగా పుట్టి, ముప్పై దాటి, నలభై కూడా దాటి, ఇప్పుడు కొన్నాళ్ళుగా పొద్దున్నే మంచం దిగబుద్ధి కావడం లేదు అనేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో అలాంటి అన్నయ్యో చెల్లెలో ఉంటే మీకూ పనికొస్తుంది. నాదీ ఆ బాపతే. మాది కోనసీమలో రాజోలు వైపు. అమ్మకు ఫిట్స్ ఉండేవి, నేను కడుపున పడ్డాక కూడా వాల్‌ప్రోయేట్ మాత్రలే వాడింది, నా కుడి ముంజెయ్యి పొట్టిగా వచ్చింది, ఆ చేతికి బొటనవేలు లేదు.

చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారంటే, పుట్టుకతో వచ్చిందే కదా, ఈపాటికి అలవాటైపోయి ఉంటుందని. పాతికేళ్ళు వచ్చేదాకా నిజంగానే అలాగే ఉంటుంది, ఒంట్లో సత్తువ ఉంటుంది, అమ్మానాన్న ఉంటారు, ఎవరైనా ఏమైనా అంటే తిరిగి అనేసే పొగరు కూడా ఉంటుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. దీనికి పెద్ద సాక్ష్యం థాలిడోమైడ్ అనే మందు బారిన పడి పుట్టినవాళ్ళే. 1957 అక్టోబర్‌లో జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకం మొదలైంది, వేవిళ్ళకు కూడా మంచిదని గర్భిణులకు ఇచ్చారు, 1961 నవంబర్ ఆఖర్లో మార్కెట్ నుంచి తీసేసేలోపు రకరకాల దేశాల్లో పదివేలకు పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగ్గా లేకుండా పుట్టారు. బతికినవాళ్ళకు ఇప్పుడు అరవై దాటింది. వాళ్ళను పెద్దయ్యాక కూడా డాక్టర్లు పరీక్షిస్తూ వచ్చారు కాబట్టి మనకు తెలుస్తోంది: డిప్రెషన్, ఆందోళన లాంటివి మామూలు జనంలో కంటే వాళ్ళలో బాగా ఎక్కువ. 2012లో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు వీళ్ళ ఒంటినొప్పులు, అవసరాలు ఎంతగా పెరిగాయో లెక్కతీసి ఇస్తే, మరుసటి ఏడాది జర్మనీ ప్రభుత్వం పింఛన్లు బాగా పెంచింది. అలవాటైపోయే వ్యవహారమే అయితే యాభై ఏళ్ళ తర్వాత పెంచాల్సిన పనేముంది?

మిగతాది చదివే ముందు ఒక్క మాట

చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇది పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబర్ నుంచి ఉంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. రెండోది, ఇంట్లో పురుగుమందు ఉంటే ఈరోజే వేరేవాళ్ళ చేతికిచ్చి తాళం వేయించండి. మన డెల్టాలో చేలున్న ఇళ్ళలో ఆ డబ్బా ఏ వసారాలోనో ఎరువుబస్తాల పక్కనో ఊరికే పడి ఉంటుంది. ఆ ఆలోచన చాలామందిలో కాసేపు ఉధృతంగా ఉండి దాటిపోతుంది, ఆ కాసేపూ చేతికి ఏదీ అందకపోతే చాలు. జరగకూడనిది జరిగి ప్రాణంతో బయటపడితే పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి జంకుతారు, అది పాత భయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష వేయడం కాదు, వైద్యం చేయించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

మొదటి పని: దిగులా, నొప్పా, రెండూనా తేల్చుకోండి

రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. పెద్ద డైరీ అక్కర్లేదు, రాత్రి పడుకునేముందు నాలుగు ముక్కలు: ఎక్కడ నొప్పి, ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఇవాళ మనసు ఎలా ఉంది. రెండు వారాలే ఎందుకంటే డాక్టర్లు డిప్రెషన్ తేల్చడానికి చూసేది కూడా అంతకాలమే. రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాల పాటు ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడమో దిగులుగా ఉండడమో, దానికి తోడు నిద్ర, ఆకలి, ధ్యాస, ఓపిక దెబ్బతినడమో కనబడితే అది ‘మూడ్ బాలేదు’తో పోయేది కాదు.

నొప్పి సంగతి ఎందుకు కలిపానంటే, మనలాంటివాళ్ళలో రెండూ విడివిడిగా రావు. రెండు చేతులు చేయాల్సిన పని ఒక చెయ్యి చేస్తే, అది ఇరవై ఏళ్ళు చేస్తే, భుజం అరుగుతుంది. ఎదురు చెయ్యి అందనందుకు వీపు పక్కకు వంచి పనిచేస్తే నడుము పడుతుంది. మందుల ప్యాకెట్లు, సీసా మూతలు పళ్ళతో తీస్తే పళ్ళు అరుగుతాయి. థాలిడోమైడ్ వాళ్ళకు జరిగింది అచ్చంగా ఇదే, పుట్టుకతో వచ్చిన లోపం మీద వాడకం వల్ల వచ్చిన నష్టం ఇంకోటి. నా మటుకు నాకు కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగితే ఆ రాత్రి ఎడమ భుజం నిద్రపోనివ్వదు, నిద్ర లేకపోతే మర్నాడు ఎవరు పలకరించినా ఏడుపొస్తుంది. ఆ ఏడుపును దిగులు ఖాతాలో రాసుకుంటూ పోతే వైద్యం తప్పు చోట మొదలవుతుంది.

అందుకని పుస్తకంలో నొప్పి ముందు, దిగులు వెనక కనబడుతుంటే ఫిజియోథెరపీ, పనిచేసే పద్ధతి మార్చడం ముందు చూడండి. కత్తిపీట మానేసి బల్ల ఎత్తులో చాకు, చెక్క పెట్టుకోవడం, బిందె బదులు చిన్న క్యాన్లు, ఇలాంటివి. ఇంట్లోవాళ్ళు ‘ఇన్నాళ్ళూ చేసిందానివేగా’ అంటారు, అననివ్వండి. నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ పొడిపించుకోవడం మాత్రం మానేయండి. డైక్లోఫెనాక్ లాంటివి అదేపనిగా వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో ఉండగా పడిన మందు వల్ల కొందరికి లోపలి అవయవాలు కూడా తేడాగా ఉంటాయి, బయటికి కనపడవు. ఒకసారి కిడ్నీల స్కానింగ్ చేయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఇంకో విషయం, ఎండాకాలం. చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉన్నవాళ్ళకు ఒంటి వేడి బయటికి పోవడానికి చర్మం తక్కువ, చెమట ఎక్కువ పడుతుంది. మే నెలలో మన ఉక్కపోత సంగతి చెప్పాలా? ఆ నెలలో చిరాకు పెరిగిందంటే మీ బుద్ధి చెడిపోయినట్టు కాదు.

రెండో పని: ‘ఎందుకిలా’ అన్నది అమ్మతో ఒకసారి మాట్లాడేయండి

ఇది అన్నిటికంటే కష్టం, నా దృష్టిలో అన్నిటికంటే అవసరం కూడా.

మన ఊళ్ళలో బిడ్డ తేడాగా పుడితే ముందు వచ్చే మాట గ్రహణం. పెదవి చీలితే గ్రహణం మొర్రి అనే పేరే పెట్టేశారు. తర్వాత పూర్వజన్మ పాపం. ఆ తర్వాత కోడలి పుట్టింటి వంశం. మందు అన్నమాట ఎవరి నోటా రాదు. ఆ తప్పంతా తల్లి నెత్తిన పడుతుంది, ఆమె దాన్ని ఎవరికీ చెప్పకుండా మోస్తుంది, పిల్లలకేమో అమ్మ మన దగ్గర ఏదో దాస్తోందని అనుమానం, ఆ అనుమానం మీద కోపం. పెద్దయ్యాక వచ్చే దిగుల్లో సగం ఈ ముడిలోనే ఉంటుంది.

నేను అడిగిన రోజు అమ్మ వీధరుగు మీద కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది. నా చెయ్యి ఇలా ఎందుకైందో నీకేమైనా తెలుసా అని అడిగితే తలెత్తకుండా, ‘ఆ గ్రహణం రోజు మజ్జిగలోకి నిమ్మకాయ కోశానే తల్లీ’ అంది. నాకు ముప్పై దాటాయి అప్పటికి. అన్నేళ్ళూ ఆమె ఒక నిమ్మకాయ గురించి కుమిలిపోయింది. ఫిట్స్ మాత్రల సంగతి చెప్పాను. కాసేపు ఏరుతూనే ఉండి, ‘మరి ఆ డాక్టరు చెప్పాలి కదా’ అంది. ఆ మాటలో కోపం ఉంది. ఆ కోపం నాకు చాలా నచ్చింది.

అడిగేటప్పుడు ‘నువ్వేం మింగావు’ అని అడగకండి. ‘నేను కడుపులో ఉన్నప్పుడు నీ ఆరోగ్యం ఎలా ఉండేది, ఏ డాక్టరుకు చూపించేవారు’ అని మొదలుపెట్టండి. ఫిట్స్, టీబీ, గుండె వాల్వు జబ్బు, మొటిమలు, నెల తప్పిందని మెడికల్ షాపులో కొని మింగినా గర్భం పోని మాత్రలు, వీటిలో ఏదైనా వస్తుందేమో వినండి. వాల్‌ప్రోయేట్ వాడిన తల్లులకు పుట్టిన పిల్లల్లో పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి మాట, చదువు, నడవడిక వెనకబడే ఇబ్బందులు వస్తాయి. టీబీకి అప్పట్లో ఇచ్చే స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ బిడ్డ చెవులను దెబ్బతీయగలదు. గుండె వాల్వు వాళ్ళు వాడే వార్ఫరిన్, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్, గర్భం పోవాలని వాడే మిసోప్రోస్టాల్ కూడా ఈ జాబితాలోవే.

అమ్మకు ఒక విషయం తప్పకుండా చెప్పండి. థాలిడోమైడ్ దెబ్బ తగిలేది గర్భం నిలిచాక సుమారు 20వ రోజుకీ 36వ రోజుకీ మధ్యలో. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది 28వ రోజులోపు. అంటే నెల తప్పిందో లేదో ఇంకా లెక్కపెట్టుకుంటున్న రోజులు. పైగా ఫిట్స్ ఉన్నామె మాత్ర హఠాత్తుగా ఆపేస్తే ఆమె ప్రాణానికే ముప్పు. కాబట్టి ఆమెకు తెలిసి చేసిందేమీ లేదు, తెలియాల్సినవాళ్ళు చెప్పలేదు, అంతే.

అమ్మ లేకపోతేనో, ఆమెకు గుర్తులేకపోతేనో? పాత చీటీల కోసం పెట్టెలు తిరగేస్తూ ఏళ్ళు గడపకండి. కొన్ని లోపాలు మందు వల్ల వచ్చినట్టే కనపడతాయి కానీ జన్యువుల వల్ల వస్తాయి, పిల్లల్ని కనే ఆలోచన ఉంటే జెనెటిక్స్ డాక్టరుకు ఒకసారి చూపించుకోవడం మంచిది. థాలిడోమైడ్ వల్ల వచ్చిన లోపమైతే పిల్లలకు రాదు. అంతకుమించి రుజువు వెతుకులాట వల్ల మనసుకు ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. బ్రిటన్, జర్మనీ వాళ్ళకు ఎదురుగా ఒక కంపెనీ ఉంది, కోర్టులకు వెళ్ళారు. ముప్పై ఐదేళ్ళ కిందట ఒక అమ్మ మింగిన ఫిట్స్ మాత్రకు మనం ఎవరి మీద వేస్తాం?

మూడో పని: డాక్టరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళొద్దు

కాకినాడ జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాస్పత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది. జిల్లా ఆస్పత్రుల్లో కూడా సైకియాట్రీ ఓపీ ఏ రోజు ఉంటుందో ముందే కనుక్కుని వెళ్ళండి. మరీ పెద్ద సమస్య అయితే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దూరం వెళ్ళలేనివాళ్ళు ముందు 14416తోనే మొదలుపెట్టొచ్చు, ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెబుతారు.

ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. లోపలికి వెళ్ళగానే డాక్టరు చూపు చెయ్యి మీదికో కాలి మీదికో పోతుంది, మాట అటే తిరుగుతుంది, మీ టైమ్ అయిపోతుంది. అందుకే మొదటి వాక్యం ఇంట్లోనే తయారుచేసుకోండి: ‘ఇది పుట్టుకతో ఉన్నదేనండి, దాని కోసం రాలేదు, రెండు నెలలుగా నిద్ర లేదు, బతకాలనిపించట్లేదు, దాని కోసం వచ్చాను.’ నోటుపుస్తకం ముందు పెట్టండి. చెవుడు ఉన్నవాళ్ళు, మాట తడబడేవాళ్ళు ఇదంతా ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. తోడు వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టండి, కనీసం సగంసేపు. అన్నయ్య పక్కనుంటే వదిన గురించి ఎవరు చెబుతారు?

డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చేతులు పొట్టిగా ఉన్నవాళ్ళకు మామూలు బీపీ పట్టీ సరిగ్గా పట్టదు, రీడింగ్ తప్పు వస్తుంది, తొడకు పెద్ద పట్టీ వేసి చూడమనండి, తొడ దగ్గర కొంచెం ఎక్కువే చూపిస్తుంది కాబట్టి అక్కడ చూశారని చీటీ మీద రాయించుకోండి. మీకు ఫిట్స్ ఉంటే చెప్పండి, డిప్రెషన్ మందుల్లో కొన్ని ఫిట్స్‌ను రేపుతాయి. నొప్పికి ట్రమడాల్ వాడుతుంటే అది మరీ ముఖ్యం, కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం. మందు మొదలుపెట్టాక మొదటి వారం వికారం, గాభరా ఉండొచ్చు, గుణం కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారానికే పనిచేయట్లేదని చాలామంది మానేస్తారు.

ఆడవాళ్ళు ఇంకొక్కటి అడగాలి. మూడ్ అదుపులో పెట్టడానికి సైకియాట్రిస్టులు రాసే మందుల్లో వాల్‌ప్రోయేట్ కూడా ఒకటి. అవును, అదే మందు. పిల్లలు పుట్టే వయసులో ఉన్నవాళ్ళు చీటీలో ఆ పేరుంటే అక్కడే అడగండి, వేరే మందు ఉందా, ఇదే వాడాల్సి వస్తే గర్భం రాకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలి అని. థాలిడోమైడ్ కూడా పూర్తిగా పోలేదు, కుష్ఠులో వచ్చే ఒక రకం రియాక్షన్‌కూ, మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కూ ఇప్పటికీ వాడతారు, గర్భిణులు మాత్రం దాని దరిదాపులకు పోకూడదు.

నాలుగోది: ఎటకారం

గోదారోళ్ళకు ఎటకారం వెన్నతో పెట్టిన విద్య. బాగున్నవాళ్ళకే పేర్లు పెట్టే ఊళ్ళు మనవి, ఇక చెయ్యి వంకర ఉన్నవాళ్ళను వదులుతారా. కొన్ని పేర్లు ప్రేమగానే పిలుస్తారు, అదీ నిజమే, కానీ ముప్పై ఏళ్ళు ఆ పేరుతోనే పిలిచాక మీ అసలు పేరు పిలిచేవాళ్ళు ఎంతమంది మిగిలారో చూసుకోండి. దగ్గరివాళ్ళతో ఒకసారి సూటిగా చెప్పండి, ‘ఇకనుంచి పేరు పెట్టి పిలు బావా’ అని. నవ్వి ఊరుకుంటారు, రెండోసారి మళ్ళీ చెప్పండి. దూరపువాళ్ళతో వాదన పెట్టుకుని ఉన్న ఓపిక అవగొట్టుకోకండి.

నాకు ఎక్కువ తగిలేది పేర్లు కాదు, ఎడమ చెయ్యి. పెళ్ళిలో పంక్తిన కూర్చుని ఎడమ చేత్తో తింటే ఎదుటి వరస మొత్తం చూస్తుంది. గుళ్ళో తీర్థానికి ఎడమ చెయ్యి చాపితే పూజారిగారి ఉద్ధరిణి ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది. ఆ ఒక్క క్షణానికి భయపడి ఫంక్షన్లు మానేసినవాళ్ళు నాకు తెలుసు, మానేసిన కొద్దీ ఇల్లే లోకమైపోతుంది, దిగులుకు కావాల్సింది కూడా అదే. వెళ్ళండి. చిట్కా ఏమిటంటే తెలిసిన పిల్లల పక్కన కూర్చోండి, వాళ్ళు ఒక్కసారి అడిగి, జవాబు విని, తమ లడ్డూ గొడవలో పడిపోతారు. తీర్థానికి నేను కుడి చేతి మొండి కింద పెట్టి ఎడమ అరచెయ్యి దాని మీద చాపుతాను, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఐదోది: కాగితాలు

దీని గురించి తక్కువే రాస్తాను, సచివాలయంలో చెబుతారు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షకు స్లాట్ మీసేవలోనో సచివాలయంలోనో బుక్ చేసుకోవాలి, 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000, పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత, ప్రమాదాల లాంటి వాటి వల్ల పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకు 15,000. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది, ఆ వైద్యం చీటీలు కూడా దాచుకోండి. మళ్ళీ వెరిఫికేషన్‌కు రమ్మని నోటీసు వస్తే ఆ వారమంతా నిద్ర పట్టదు, అది అందరికీ ఉండేదే. పాత సర్టిఫికెట్, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఒంటరిగా కాకుండా ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్ళండి.

ఆరోది: అమ్మ తర్వాత ఎవరు

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది ఈ ప్రశ్నకే. జుట్టు దువ్వడం, జాకెట్ హుక్కులు, స్నానం, ఇలాంటి పనులకు అమ్మ మీద ఆధారపడ్డవాళ్ళకు ఆమెకు డెబ్బై రాగానే గుండె దడ మొదలవుతుంది. దీనికి ధైర్యం చెప్పే మాటలు పనిచేయవు, లెక్కలే పనిచేస్తాయి. కాగితం తీసుకుని అమ్మ మీకు రోజూ చేసే పనులన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా, ఈ పని నేనే చేసుకునే దారి ఉందా, డబ్బిచ్చి చేయించుకోవచ్చా, తోబుట్టువులు చేస్తారా అని రాయండి. హుక్కుల జాకెట్ బదులు ముందు జిప్, పొడుగు పిడి దువ్వెన, ఇలా నాలుగైదు అక్కడికక్కడే కొట్టేయొచ్చు. మిగిలినవి అన్నదమ్ములతో మాట్లాడాలి, అమ్మ బతికుండగానే, ఆమె ఎదుటే. ఇల్లు ఎవరి పేరున, ఆ కొబ్బరిచెట్ల ఫలసాయంలో మీ వాటా ఎంత, ఇవి కాగితం మీద ఉండాలి. ‘చూసుకోమా ఏంటి’ అని నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా రాయించండి.

తమ్ముడికో చెల్లెలికో మందు వల్ల తెలివితేటలు వెనకబడ్డాయి, ఆటిజం ఉంది అంటే దారి వేరు. పద్దెనిమిది నిండాక చట్టపరంగా సంరక్షకుడు కావాలంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ గారు అధ్యక్షులుగా ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అదే ట్రస్ట్ నిరామయ అనే లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఇస్తుంది. వాళ్ళకు దిగులు వస్తే మాటల్లో చెప్పరు, తిండి మానేయడం, కొత్తగా కొట్టుకోవడం, రోజూ కూర్చునే చోట కూర్చోకపోవడం, ఇలా బయటపడుతుంది. మొండితనం అని తీసిపారేయకుండా డాక్టరుకు చూపించండి.

వరద రోజులకు

లంక ఊళ్ళవాళ్ళు, రేవు దాటి పంటు మీద రావాల్సినవాళ్ళు జూలై రాకముందే ఇది చేసుకోవాలి. డిప్రెషన్ మాత్ర గానీ ఫిట్స్ మాత్ర గానీ నాలుగు రోజులు దొరకలేదని ఆగిపోతే మనిషికి మళ్ళీ ఇబ్బంది మొదలవ్వొచ్చు, ఫిట్స్ మాత్ర అయితే ప్రాణం మీదికే రావొచ్చు. డాక్టరును అడిగి వరద ఉండే ఆ రెండు నెలలకు ఎక్కువ మాత్రలు రాయించుకోండి, జిప్ కవర్లో వేసి అటక మీద పెట్టండి, చీటీ ఫోటో మీ ఫోన్లో ఒకటి, అన్నయ్య ఫోన్లో ఒకటి ఉంచండి. ఆ మాత్రలు ఒక్కచోట అన్ని ఉండడం మీకు మంచిది కాదనిపించే రోజులైతే మాత్రం మొత్తం అన్నయ్య దగ్గరే పెట్టి వారానికి సరిపడా తెచ్చుకోండి.